అమ్మని మేడ మీదికి మోశాం

జనవరి 11, ఉదయం

ఆరింటికి అమ్మ పోయింది. నిద్రలోనే. వదిన చెయ్యి పట్టి చూసి, వాచీ చూసుకుని, అత్తయ్య ఇక లేరు అంది. నర్సు కదా, అలవాటు.

ఆరేళ్లలో ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట అది. ఇంజెక్షన్లు ఇవ్వడానికని వారం కిందట వచ్చింది. ఏం కావాలన్నా అమ్మకి చెప్పేది. నేను వినేదాన్ని.

ఏడుపు రాలేదు. పాలు పొంగితే స్టవ్ తుడిచాను.

మధ్యాహ్నం

అన్నయ్య ఊరి అవతలే చిక్కుకుపోయాడు. సముద్రం పొంగి అలలు రోడ్డు మీద పడుతున్నాయట, బస్సులు ఆపేశారట. ఫోన్లో విషయం చెబితే, గాలి తగ్గగానే వచ్చేస్తాను, అమ్మ జాగ్రత్త అన్నాడు. ఇంకేం జాగ్రత్త?

కిటికీల సందుల్లో పాత గుడ్డలు కుక్కాను. అయినా గాలి ఈల ఆగలేదు.

జనవరి 12, ఉదయం 10

అల కొట్టి ప్రహరీ గోడ కూలింది. ఆ అల ఎంత ఎత్తో తెలీదు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆకాశం లేదు. హాల్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. అమ్మ పరుపు అంచు తడిసింది.

పైకి తీసుకెళ్దాం, కాళ్ల వైపు పట్టు అంది వదిన. నావల్ల కాదన్నాను. అయితే సముద్రానికి అప్పజెబుదామా అంది. పట్టాను. బిగుసుకున్నారు, మొయ్యడం తేలికే అంది. తేలిక కాదు.

దుప్పటిలో చుట్టి ఎత్తాం. పద్నాలుగు మెట్లు. సగంలో నా కాలు జారింది. వదిన మోకాళ్ల మీద కూలబడింది గానీ దుప్పటి వదల్లేదు. అమ్మ తల గోడకి తగిలింది.

సారీ అమ్మా అన్నాను. సారీ అత్తయ్యా అంది వదిన. ఒకేసారి.

11.30

నా మంచం మీద పడుకోబెట్టాం. వదిన మోకాలు చీరుకుపోయింది. నువ్వు మా ఇంటి మనిషివి కావు అని ఆరేళ్ల కిందట నేనన్న మాట ఎత్తుదామనుకున్నాను. దూది ఎక్కడ అంది. ఇచ్చాను.

సాయంత్రం

గాలి అలాగే ఉంది. ఇద్దరం అదే గదిలో, గోడకి ఆనుకుని బ్రెడ్ తిన్నాం. వదిన అమ్మ జుట్టు ఆరబెట్టి దువ్వింది. చిక్కులు వీడకపోతే కుదురు దగ్గర నేను పట్టుకున్నాను.

జనవరి 13

రోడ్డు తెరిచారు. అన్నయ్య బురదలోంచి పైకొచ్చి, మీరిద్దరే ఎలా మోశారు అన్నాడు. తిట్టుకుంటూ, అంది వదిన.

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

అన్నయ్య మమ్మల్ని చూసి ఏడ్చాడు.