ఆమెన్ ఒక్కటే

ఫిబ్రవరి, శనివారం

సాయంత్రం మిరపకోత నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే పక్కింటి సువార్త కొబ్బరినూనె సీసా పట్టుకొని వచ్చింది. కూతురికి జ్వరం తగ్గట్లేదట, పిల్లకి రాయడానికి నూనె మీద ప్రార్థన చెయ్యమంది. మా ఆయన పోయాక సీసాతో ఈ గుమ్మంలోకి ఎవరూ రాలేదు.

నా చెయ్యి పడితే జ్వరాలు దిగుతాయని చర్చిలో ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పుకున్నానో. అదే చేత్తో ఆస్పత్రిలో రోజూ ఆయన గుండెల మీద ప్రార్థన చేసిన నూనె రాశాను. చివరికి శవాన్ని తెచ్చుకున్నాను.

"నా ప్రార్థన ఆయనకే పనిచెయ్యలేదు. ఇంకెవరి దగ్గరికైనా వెళ్లు," అన్నాను.

"నీ చేతిలో మహిమ ఉందని రాలేదక్కా. డాక్టరిచ్చిన మందులు వేస్తానే ఉన్నా. ఒక్కదాన్నే మోకరించాలంటే భయమేస్తంది," అంది.

ఆ మాటకి ముందు కోపమొచ్చింది. ఇంత ఏడ్చాక కూడా నాలో ఆ గర్వం చావలేదన్నమాట.

తర్వాత సువార్త పక్కనే మోకరించాను. తనే తడబడుతూ ప్రార్థించింది. "నా బిడ్డతోపాటు మా అక్కని కూడా చూడు ప్రభువా," అంది. నేను ఆమెన్ అన్నాను.

గోడ అవతల పిల్ల ఇంకా మూలుగుతోంది.

మా ఆయన్ని సమాధి చేశాక దేవుడితో నేను మాట్లాడిన మొదటి మాట ఆ ఆమెనే.