అక్క పాడిన వీసీడీ

సుజాతక్కా,

నువ్వు పాడిన క్రిస్మస్ పాటల వీసీడీ దొరికింది. దొరుకుతుందని నాకు మొదటి నుంచీ నమ్మకమే. దాని కోసం వెతుకుతూ, కనబడిన పాటల డిస్కులన్నీ కొని బీరువా నింపాను. "ఈ కాలంలో ఇవి ఎవురు చూస్తారు? యాడ పెట్టేది?" అని నీ మరదలు కసురుకునేది.

పోయినవారం కోయిలకుంట్లలో మూతపడిన వీడియో షాపు సామాను అమ్ముతున్నారంటే వెళ్లాను. ఒక పెట్టె అడుగున దొరికింది. అట్ట మీద మన బేతంచెర్ల చర్చి వాళ్ల మధ్య నువ్వు నిలబడి ఉన్నావు.

నిన్న నీ కూతురు కీర్తనను పిలిచి, పాత ప్లేయర్లో పెట్టాను. నువ్వు పోయేనాటికి దానికి పాకడం కూడా రాదు. నిన్ను ఫోటోల్లోనే చూసింది. బొమ్మ రెండుచోట్ల ఆగింది గానీ నీ పాట చివరిదాకా వచ్చింది.

"మామా, అమ్మ నాకంటే చిన్నపిల్ల మాదిరి ఉండాదే!" అంది.

"అప్పటికింకా మీ అమ్మకు పెండ్లి కూడా కాలేదు."

"ఇంగోసారి పెట్టు మామా."

మళ్లీ పెట్టాను. మూడోసారి అది కూడా నీతోపాటు పాడింది. నేను లేచి సౌండు పెంచి, వీధి తలుపు బార్లా తెరిచాను.

నీ తమ్ముడు