పిడికెడు బియ్యం లెక్క

జగ్గయ్యపేట, 12-3-1962

పొదుపు ప్రచార అధికారి గారికి,

నిన్న సాయంత్రం అయిదింటికి ఇక్కడి సభలో తమరు పంపిన పట్టిక చదవడం మధ్యలో ఆపేశాను. పదేళ్లుగా జపాన్ తన ఆదాయంలో మిగుల్చుకుంటున్న వాటా మనకంటే చాలా ఎక్కువని చదివాను. కింద ‘మనవారికి పొదుపు తెలియదు’ అన్న వాక్యం చదవగానే కూలిపని చేసే ఆరోగ్యమ్మ లేచింది.

“మేస్టారూ, మా పిడికెడు బియ్యం ఇందులో కలిపారాండి?”

వాళ్ల చర్చి ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి కుండలో వేస్తారు. ఆరేళ్లు అలా కూడిన బియ్యం అమ్మి బడికి పెంకులు వేయించారు.

తెలియదన్నాను.

“మీకు తెలీనప్పుడు మాకు పొదుపు తెలీదని ఎట్టా అంటారండి?”

ఆ బియ్యం పట్టికలో కలిసిందో లేదో తమ జవాబు రాకుండా ఆ వాక్యం మళ్లీ చదవలేను. చదవకపోతే ఈ పని పోతుందనీ తెలుసు. బుధవారం నాలుగింటికి నందిగామ సభ. ఆరోగ్యమ్మ కుండతో సహా వస్తానంది.

ఇట్లు,
తమ ప్రచారకుడు