అన్నయ్య మాత్ర పాలలో కలపొద్దు

అమ్మా, పొయ్యి మీద పాలు కాగేలోపు రాస్తున్నాను. అన్నయ్య మాత్ర ఇక పాలలో నూరి కలపొద్దు. “నా పాలలో ఏదో కలుపుతున్నారే చెల్లీ” అని అన్నయ్య అంటుంటే, జబ్బే అలా అనిపిస్తోందనుకున్నాను. నిన్న నువ్వు నూరుతుంటే చూశాను. నాకైనా చెప్పలేదేం?

లేని గొంతులు వినబడకుండా ఉండాలంటే మందు కావాలని డాక్టరుగారు చెప్పారు. మరి ఈ అనుమానంలో జబ్బెంత, మనం పెంచింది ఎంత? తెలుసుకోవాలనిపించి, ఇందాక అన్నయ్యకి నిజం చెప్పి మాత్ర చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూశాడు. “అడిగితే మింగనా, దొంగమొహాల్లారా!” అని మింగేశాడు.

రేపటి మాత్ర నువ్వే చేతికివ్వు. తప్పయిందని ఒక్క మాట అను.

పొయ్యి ఆపేశాను. అన్నయ్య చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కోపమో, తేలికపడ్డాడో తెలియలేదు. తనకు కనబడేలాగే వెనకాల వెళుతున్నాను.