మంచులో పలికిన గొంతు

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కారాలతో రాసుకుంటున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. దగ్గు తగ్గింది, ఇంటికప్పు ఈ ఏడు కారలేదు. అక్కడ మీరూ, వదినా, అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. వదిన చేత రాయించారు కాబట్టి అక్షరాలు ఆమెవి, దెప్పిపొడుపులు మాత్రం అచ్చంగా మీవి. నెలాఖరుకి ఇక్కడికి వచ్చేస్తానని, ఇక నా దగ్గరే ఉంటానని రాశారు. చదివి చాలాసేపు ఆ కాగితం ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. పొద్దుట వండిందే రాత్రికీ తింటున్నానా అంటే, అవును, తింటున్నాను. తిడితే తిట్టండి. ముందుగది కిటికీకి కొత్త అద్దం వేయించాను, ఇక ఈల వెయ్యదు. పరుపు మోసుకురావద్దు, ఇక్కడ రెండున్నాయి. మెట్లు మూడే, మీ మోకాళ్లు ఒప్పుకుంటాయి. మంచం మీద నుంచి సముద్రం కనబడుతుందా అన్నారు. కనబడదు, వినబడుతుంది. అది మీకు బాగుంటుందో లేదో నేను చెప్పలేను.

పని గురించి అడిగారు. వేసవిలో ఇసుక మీద వేసే పడక్కుర్చీలన్నీ ఇప్పుడు వెనక షెడ్డులో మడతపడి ఉన్నాయి. ఎప్పటిలాగే చలికాలమంతా పాత గుడ్డ ఊడదీయడం, కొత్త గుడ్డ కొలిచి కుట్టడం, మేకులు కొట్టడం. దారానికి మైనం పట్టించీ పట్టించీ నా వేళ్లు ఇప్పుడు దేనికైనా అంటుకుంటున్నాయి. మీ అబ్బాయి ఉన్నప్పుడు కర్ర పని ఆయనది, గుడ్డ పని నాది. ఒకరి పనిలో ఒకరం చెయ్యి పెట్టేవాళ్లం కాదు, మాట మాత్రం పెట్టేవాళ్లం. ఇప్పుడు కర్ర పనికి వారానికి రెండు రోజులు వడ్రంగి వస్తున్నాడు. మంచివాడే, పని తెలిసినవాడే. నేను చెప్పిందల్లా వింటాడు. అదే బాధ. మాటకి మాట అప్పజెప్పేవాళ్లు లేకపోతే నాకు కుట్టు కూడా వంకరపోతోంది.

వేసవిలో ఈ ఊరు మాది కాదు కదా అత్తయ్యా. చలికాలంలో మళ్లీ మా చేతికొస్తుంది. ఐస్‌క్రీం కొట్లకి పలకలు కొట్టేశారు. తిరిగే కొయ్యగుర్రాలకి తార్పాలిన్ కప్పి తాళ్లు బిగించారు, కింద నుంచి కాళ్లు మాత్రం కనబడుతుంటాయి. ఫొటోలు తీసే ఆయన తన మెడలో కెమెరా వేసుకుని ఊరికే అటూ ఇటూ నడుస్తుంటాడు, ఊళ్లోవాళ్లం మేం ఫొటోలు ఎందుకు తీయించుకుంటాం. మొన్న టీకొట్టు అక్కతో కలిసి చేపల అద్దాల గదికి వెళ్లాను. అక్కడ వెచ్చగా ఉంటుంది. ఒక పెద్ద చేప అద్దానికి ముక్కు ఆనించి కదలకుండా నన్నే చూసింది. "నీకేదో చెప్పాలనుకుంటోంది" అంది అక్క. నాకు ఎందుకో అక్కడ ఉండబుద్ధి కాలేదు, బయటికి వచ్చేశాను.

ఇక మీరు ప్రతి ఉత్తరంలోనూ అడిగేది. "వాడు చివర్న అన్న మాట, అన్నది అన్నట్టు ఇంకోసారి రాయి అమ్మాయ్." ఏడాదిగా అడిగినప్పుడల్లా రాస్తూనే ఉన్నాను. నేను పిలిచానని, ఆయన "ఆఁ, వస్తున్నా, నువ్వు పద" అన్నారని. మీరు ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెబుతారని వదిన రాసింది. మా వాడు భయపడుతూ పోలేదు, పెళ్లానికి బదులు చెప్పి మరీ పోయాడు అంటారట. అది తలుచుకునే నిద్రపోతారట. ఈసారి ఆ మాట రాయబోతే కలం ఆడలేదు అత్తయ్యా. మీరు బస్సెక్కేలోపు ఇది మీకు తెలియాలి. తెలియకుండా మీరు వచ్చి నా పక్క గదిలో పడుకుంటే, నేను ఈ ఇంట్లో ఉండలేను.

వదినా, ఇది నువ్వే చదివి వినిపిస్తావని తెలుసు. ముందు ఒకసారి నీలో నువ్వు చదువుకో. కానీ ఏదీ దాచకు, మార్చకు.

ఆ రోజు మేం వెళ్లిందీ, నేను పిలిచిందీ నిజమే. బుధవారం, సాయంత్రం. మేమిద్దరం షికారుకని వెళ్లాం. రాళ్లకట్ట దగ్గర అలలకి కొట్టుకొచ్చిన కర్రలు దొరుకుతాయి, కుర్చీకాళ్లకి పనికొస్తాయని మీ అబ్బాయి వాటి కోసం రాళ్ల మీదికి వెళ్లారు. నేను రోడ్డు పక్క బెంచీ మీద కూర్చున్నాను. మంచు దిగింది. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ఎంతకీ రాలేదు. "ఏమండీ, పొద్దుపోతోంది, వెళ్దామా" అని పిలిచాను. మంచులోంచి ఆ బదులు వచ్చింది. నేను ఇంటికి వచ్చేశాను. నీళ్లు కాచాను. తలుపు గడియ వేయకుండా కూర్చున్నాను. మర్నాడు వెతికితే ఆయన ఆ రాళ్ల మధ్యే దొరికారు.

ఆ తర్వాత ఏడాదంతా ఆ మాట ఇంట్లో వినబడుతూనే ఉండేది. మీకు రాయలేదు, మతి పోయిందనుకుంటారని. షెడ్డులో కుడుతుంటే సూది గుచ్చి లాగేలోపు, వెనక నుంచి, "ఆఁ, వస్తున్నా". నాకు భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే దాని కోసం చెవులు రిక్కించి ఉండేదాన్ని. ఈ చలికాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున్న బీచిలో నడుస్తుంటే ఆ గొంతే, ఆ మాటే, ఈసారి బయటినుంచి వచ్చింది. మంచులో ఎవరూ కనబడలేదు. ఆ తర్వాత నాలుగైదు ఆదివారాలు అదే వేళకి వెళ్లి ఆ బెంచీ మీద కూర్చున్నాను. రెండుసార్లు వినబడింది. ఆ రెండు రోజులూ ఇంటికొచ్చి రెండు పూటలా వండుకుని తిన్నాను, మీరు సంతోషిస్తారని చెబుతున్నాను.

మూడు వారాల కిందట, ఆదివారమే, చలికి తల చుట్టూ శాలువా బిగించుకుని టీకొట్టులో మూల కూర్చున్నాను. నా వెనక బల్ల దగ్గర గడియారాలు బాగుచేసే ఆయనా, ఆయన భార్యా ఉన్నారు. ఆయన మాటకారి. టీకొట్టు అక్క దయ్యాల్లేవూ గియ్యాల్లేవూ అని ఏదో అన్నట్టుంది.

"లేవంటావేంటక్కా? నన్ను పిలిచింది. కిందటేడు, ఇదే మంచులో. 'ఏమండీ, పొద్దుపోతోంది, వెళ్దామా' అని. ఎంత మర్యాదగల దయ్యమో చూడు."

అందరూ నవ్వారు.

"నేను మా ఆవిడే అనుకుని 'ఆఁ, వస్తున్నా, నువ్వు పద' అన్నాను. తీరా వెళ్లి చూస్తే ఈవిడ అవతలెక్కడో ఉంది. నేను పిలవలేదంటుంది."

"నాకు గొంతు పోయి అప్పటికి మూడు రోజులు. పిలవాలన్నా ఎలా పిలుస్తాను?" అంది ఆయన భార్య.

"ఆ సంగతే మర్చిపోయా. ముప్పై ఏళ్ల అలవాటాయె. ఏమండీ అని చెవిన పడితే పలికెయ్యడమే."

అత్తయ్యా, నా చేతిలో గ్లాసు ఉందో లేదో నాకు తెలియలేదు. నేను ఏడాదిగా దాచుకున్న గొంతు నా వెనక బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతోంది. వెనక్కి తిరిగి, "ఏ రోజు అది?" అని అడిగాను.

"ఈవిడని డాక్టరుకి చూపించిన రోజమ్మా. బుధవారం. బాగా గుర్తు, మర్నాడే కదా ఆ కుర్చీలాయన కనబడటం లేదని..."

నేను శాలువా కిందికి లాగాను. అప్పుడు ఆయన నా మొహం చూశాడు.

"ఆ పిలిచింది నేనే" అన్నాను.

ఏడాదిగా ఆయన చెప్పుకుని నవ్వుకుంటున్న కథలో దయ్యం నేను. నా కథలో దయ్యం ఆయన. మర్నాడు భార్యాభర్తలిద్దరూ మన ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన లోపలికి రానన్నాడు. "నేను పలక్కపోతే మీరు వెతికేవాళ్లు కదమ్మా" అన్నాడు. "మీ ఆవిడ పిలుపుకి మీరు పలికారు, అందులో తప్పేముంది" అన్నాను. "ఎంతసేపున్నాడు ఆయన అక్కడ?" అని అడిగాడు. తలకి రాయి తగలగానే పోయారట, ఏమీ తెలియలేదట అని చెప్పాను. మీకు చెప్పిందే ఆయనకీ చెప్పాను.

అది నిజం కాదు అత్తయ్యా. మీ అబ్బాయి కాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. తలకి దెబ్బేమీ లేదు. నీళ్లు పైకి వచ్చేదాకా గంటో, గంటన్నరో ఉండి ఉంటారని డాక్టరు నాకు చెప్పాడు. ఆ గంటన్నరా నేను ఇంట్లో నీళ్లు కాస్తూ, ఇంత ఆలస్యమా అని ఆయన్ని తిట్టుకుంటూ ఉన్నాను. అలల హోరులో ఆయన ఎన్నిసార్లు కేకేశారో నాకు తెలియదు. ఏమని కేకేశారో తెలియదు. చివర్న ఏమన్నారో నాకు తెలియదు. మీరు అడుగుతున్న మాట నా దగ్గర లేదు.

ఇంకొకటి ఉంది. ఇది గడియారాలాయనకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. "నువ్వు పద" అని వినబడినప్పుడే నాకు ఏదోలా అనిపించింది. ఇన్నేళ్లలో మీ అబ్బాయి నన్ను ఒక్కదాన్నే ముందు వెళ్లమని ఎప్పుడూ అనలేదు. "ఉండు, కలిసి వెళ్దాం" అనేవారు, అదీ విసుక్కుంటూ. ఆ తేడా నా చెవికి తెలిసింది. కానీ కాళ్లు కొంకర్లు పోతున్నాయి, పొద్దుటి నుంచి ఆయన మీద చిరాకుగా ఉంది, ఏదో కర్ర మీద మాటా మాటా అనుకున్నాం. పొమ్మన్నారు కదా, పోతే సరి అనుకుని లేచాను. ఇంకొక్కసారి పిలిచి ఉండాల్సింది. పిలవలేదు.

టీకొట్టులో విన్నప్పటినుంచీ ఇంట్లో ఆ గొంతు వినబడటం మానేసింది. గడియారాలాయనది అని తెలిసిపోయాక రాదు కదా. ఇప్పుడు షెడ్డులో సూది చప్పుడు తప్ప ఏమీ లేదు. వినబడినన్నాళ్లూ వెయ్యని భయం ఇప్పుడు వేస్తోంది. పొద్దుగూకితే షెడ్డులోకి వెళ్లలేకపోతున్నాను.

నా పెళ్లయిన మొదటి వారం మీకు గుర్తుందో లేదో. వంటింట్లోంచి ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. మీరు గరిట ఆపి నా వైపు చూశారు. నేనే నాలుక కరుచుకున్నాను. అంతే, ఆ తర్వాత ఇన్నేళ్లూ ఏమండీ. మీ మీద నెపం వేయడానికి రాయడం లేదు. నాకూ అదే బాగుండేది, అందులో గారం ఉండేది, సాధింపు ఉండేది. కానీ నిన్న పొద్దున్న ఆ బెంచీ దగ్గరికి వెళ్లాను. మంచు అలాగే ఉంది. ఇసుకలో ఏడెనిమిది మంది నడుస్తున్న అలికిడి, వాళ్లలో గడియారాలాయన దగ్గు కూడా వినబడింది. మీ అబ్బాయిని పేరు పెట్టి పిలిచాను. మొదటిసారి నాకే సరిగా వినబడలేదు. రెండోసారి గట్టిగా పిలిచాను. ఒక్కరూ పలకలేదు. ఆ రోజు కూడా పేరు పెట్టి పిలిచి ఉంటే ఒక్కరూ పలికేవాళ్లు కాదు అత్తయ్యా. ఎవరూ పలక్కపోతే నేను అక్కడినుంచి కదిలేదాన్నా?

ఇదీ సంగతి. ఇది విన్నాక కూడా నా దగ్గరికి రావాలనిపిస్తే రండి, బస్సు దగ్గరికి నేనే వస్తాను. మీ కొడుకుని వదిలేసి వచ్చిన మనిషి మొహం చూడలేనంటే, ఆ మాటే రాయించండి, నేనేమీ అనుకోను. కానీ వచ్చేటట్టయితే ఉత్తరంలో వట్టి 'వస్తున్నా' అని రాయించవద్దు. అమ్మాయ్ అని కూడా వద్దు. మీ కళ్లు ఆనకపోయినా, గీతలు వంకరపోయినా, పైన నా పేరు మీ చేత్తో రాయండి. అది నాకేనని నాకు తెలియాలి.

ఇట్లు,
మీ కోడలు