నాలుగో అంతస్తు తాళంచెవి

పజుండౌంగ్,
1999 సెప్టెంబరు

మోల్మేనులో మనవడి ఉయ్యాల ఊపుతున్న మా అమ్మకి,

రత్నం రాస్తున్నది. ఇక్కడ నాన్నా నేనూ బాగున్నాం. నాన్న బోటాటౌంగ్ గోడౌనుకి రోజూ నడిచే వెళ్ళొస్తున్నాడు. నువ్వు ఊళ్ళో లేకపోయినా నా చారుకి వంకలు పెట్టడం మానలేదు. తార పురుటి మంచం దిగిందా? గుంటడు పాలు సరిగ్గా తాగుతున్నాడా? పెళ్ళి సంబంధాల మాట మాత్రం జవాబులో ఎత్తకు, నీకు పుణ్యముంటుంది. ఈ ఉత్తరం టపాలో వెయ్యలేదు. నడుమ ఎవరూ విప్పి చదవకుండా మోల్మేను బస్సు నడిపే చంద్రరావు బాబాయి చేతికిస్తున్నాను.

అమ్మా, నేను ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను.

అరవకు. ముందు తార చేత మొత్తం చదివించుకో. నువ్వు గుడి దగ్గర అందరితోనూ, మా రత్నం బేంకులో కంప్యూటర్లన్నిటికీ పెద్ద అని చెప్పుకుంటావు. ఆ కంప్యూటర్లున్న గదిలో నేను కాలు పెట్టక మూడు నెలలైంది.

టైపు పరీక్ష పాసై ఆ బేంకులో చేరినప్పుడు నా పని చీటీలు కొట్టడం. సాయంత్రం క్లాసులకెళ్ళి కంప్యూటరు నేర్చుకున్నాను. బ్రాంచీల నుంచి వచ్చే ఫ్లాపీలు వానకి తడిసిపోతున్నాయని నీ స్టీలు కేరేజీ ఎత్తుకెళ్ళి, అందులో పెట్టించి బస్సుల్లో తెప్పించాను. నువ్వు నెల్లాళ్ళు తిట్టావు, గుర్తుందా? వడ్డీ లెక్కలు మెషినుకి నేర్పింది నేనే. మా పెద్దాయన ఊ సో సింగపూరు వెళ్ళిపోయాక ఏడాదిగా డిపార్టుమెంటంతా నా నెత్తినే ఉంది. తడింజుట్ దీపాల పండగ లోపల ఆ కుర్చీ నాకే ఇస్తామని డైరెక్టరుగారు నోటితో అన్నారు కూడా.

కింది గదిలోకి వాన నీళ్ళొస్తున్నాయి, మెషిన్లు పైకి మార్చండని మొత్తుకున్నది నేనే. మార్చారు, నాలుగో అంతస్తుకి. మూడో అంతస్తులో డైరెక్టర్ల హాలుంది, ఆ హాల్లో బుద్ధుడి పీఠం ఉంది. మా గది సరిగ్గా దాని నెత్తిమీద పడింది. హెడ్ కేషియరు ఊ తిన్ అని ఒకాయన ఉన్నాడు. వెండి జుట్టు, ఎప్పుడూ ఇస్త్రీ లుంగీ, గొంతు పెంచడు. ఆయన ఒక్కమాట అన్నాడు, ఆడది లుంగీ కట్టుకుని స్వామి నెత్తిమీద తిరగకూడదని. ఈ బర్మాలో ఆ మాటకి ఎదురేముంది? ఆడవాళ్ళ లుంగీ ఆరేసిన తాడు కింద నుంచి మగాడు నడవడు కదా. మర్నాడు నా బల్ల రెండో అంతస్తులో మెట్ల పక్కకొచ్చింది. దానిమీద పైగదికి మాట్లాడే ఫోనొకటి పెట్టారు.

పైన కో జో లిన్, కింద నేను. అతను నా దగ్గర పని నేర్చుకున్నవాడే, నాకన్నా రెండేళ్ళు చిన్న, మంచివాడు. మొన్న కరెంటు పోయి, జనరేటరు అందుకునే లోపల పెద్ద మెషిను సగం పనిలో ఆగిపోయింది. కౌంటర్ల దగ్గర జనం నిలబడి ఉన్నారు. అతను తెరమీద ఏముందో ఫోన్లో చదువుతాడు, ఏం నొక్కాలో నేను చెప్తాను. కంగారులో ఒక లైను వదిలేసి చదివాడు. నేను చెప్పింది తప్పిపోయి, పొద్దున్నుంచి ఎక్కించిందంతా మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది. కళ్ళతో చూస్తే చిటికెలో అయ్యే పని. ఉండబట్టలేక మూడో అంతస్తుకి పరిగెత్తి, నాలుగుకి వెళ్ళే మొదటి మెట్టుమీద కాలు పెట్టాను. హాలు గుమ్మంలో ఊ తిన్ నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడంతే. కాలు వెనక్కి తీసేసుకున్నాను. అమ్మా, అలా తీసేసుకున్నందుకే నాకు ఇప్పటికీ ఏడుపొస్తోంది.

ఆ సాయంత్రం డైరెక్టరుగారు పిలిపించి కూర్చోమన్నారు. మర్యాదస్తుడే. “మా యదనా” అన్నారు. రత్నాన్ని ఇక్కడ అలాగే పిలుస్తారు, ముందు మా అని గౌరవం కలిపి. “గదిలోకి వెళ్ళలేని మనిషిని గదికి పెద్దని ఎలా చెయ్యను? కో జో లిన్ పేరు పెడదాం. పని నువ్వే చూసుకో, జీతం పెంచుతాను.” పక్కనే ఉన్న కో జో లిన్ తల ఎత్తలేదు. పండగ దాకా ఆలోచించుకోమన్నారు.

ఇందులో ఆలోచించడానికేముంది? నేను చేసే పనికి నా పేరుండాలనుకోవడం అత్యాశా? రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీవాళ్ళు జీతాల లెక్కలు కంప్యూటరులో పెట్టే మనిషిని వెతుకుతున్నారట, అక్కడికి పోతాను. రోజూ ఇంటికొచ్చి మన పీఠం ముందు దండం పెడుతున్నాను. పైడితల్లమ్మ పక్కన నువ్వు బుద్ధుడికి నీళ్ళు పెట్టడం పుట్టినప్పట్నించీ చూస్తున్నదాన్ని. మనింట్లో అడ్డురాని దేవుడు బేంకులో ఎందుకు అడ్డొచ్చాడో నాకు అర్థం కావడం లేదు. నాన్నకి ఇవేవీ చెప్పలేదు. నువ్వు ఊఁ అంటే ఆ కాగితం ఇచ్చేస్తాను.

నీ పెద్ద కూతురు,
రత్నం

✦

మోల్మేను

నా రత్తాలుకి, అమ్మ సెప్పీదేటంటే,

(అప్పా, అమ్మ అన్నది అన్నట్టే రాస్తున్నాను. తిట్లు మాత్రం తగ్గించాను. — నీ చెల్లెలు తార)

నీ ఉత్తరం తార రెండుసార్లు సదివింది. మొదటిపాలి ఏడిసినాను. రెండోపాలి నవ్వొచ్చీసింది. ఏటా నవ్వంటావేమో, ఇనుకో.

మన పీఠం మీద బుద్దుడు నాది కాదే. దా మ్యాది. నీకు బర్మా అచ్చరాలు దిద్దబెట్టిన దా మ్యా పెద్దమ్మది. నాను కొత్త కోడల్ని, మన ఐదో అంతస్తు ఇంటికి ఒచ్చిన కొత్త. ఆయమ్మ సరిగ్గా మన కింద ఇంట్లో ఉండీది. ఓనాడు మెట్లమీద నన్ను ఆపీసి, మా సామి నెత్తిమీద నీ లుంగీ తిరుగుతంది, ఇల్లు కాళీ సెయ్యమన్నాది. మీ నాన్న రేవులో మోత మోస్తన్న రోజులవి. ఇంకో ఇల్లు ఎవడిస్తాడు? నాకు ఒళ్ళు మండిపోయింది. గానీ ఆయమ్మ మొకంలోకి సూస్తే పొగరు లేదే, బయం ఉంది. తన సామికి ఏటైపోద్దోనని బయం. నాకప్పుడు బర్మా మాటలు నాలుగే ఒచ్చు. ఆ నాలుగుతోనే సెప్పినాను. “నాను దిగను. మీ సామినే పైకి పంపండి. పైనుండాల్సింది ఆయనే కదా.”

ఆయమ్మ ఇసురుగా తలుపేసీసుకుంది. నాలుగు రోజులు పోయినాక సామిని నెత్తిన పెట్టుకుని మన గుమ్మంలో నిలబడింది. పైడితల్లమ్మ పక్కన జాగా సర్దినాను. ఆనాటినుంచి రోజూ పొద్దున్నే నీళ్ళూ పువ్వులూ అట్టుకుని ఎక్కొచ్చీది. గుమ్మంలోకొచ్చిన మనిషికి టీ పొయ్యకుండా ఎలగ పంపుతాం? నువ్వు పుట్టినప్పుడు నా నడుం పట్టింది ఆయమ్మే. మోకాళ్ళు అరిగిపోయి ఎక్కలేకపోయినప్పుడు, నా బదులు నువ్వే నీళ్ళు పెట్టమన్నాది. ఆయమ్మ పోయినాక కూడా పెడతనే ఉన్నాను. నీకెప్పుడూ సెప్పలేదంటే, సెప్పడానికి ఏటుంది? మన మనిషి.

కాలు ఎనక్కి తీసుకున్నావని ఏడవకు. ఆగినావు గానీ దిగిపోలేదు కదా. ఆ కాయితం సంచిలోనే ఉంచు. నిన్ను ఎక్కనివ్వకపోతే ఆ సామినే ఎక్కించు. నీ కుర్చీ గురించి అడక్కు, ఆయన పీఠం గురించి అడుగు. ఆ ముసిలాయన్ని పక్కన ఉంచుకునే అడుగు.

సంబందాల మాట ఎత్తొద్దన్నావని ఎత్తలేదు. తార పక్కింటి కోటేశ్వరి తమ్ముడికి ఇంకా పెళ్ళవలేదని తార రాయమంటంది, అంతే. (నేననలేదప్పా!)

మీ అమ్మ,
చిన్నతల్లి

✦

పజుండౌంగ్,
1999 నవంబరు

నాలుగు మాటలతో ఇల్లు నిలబెట్టిన మా అమ్మకి,

నీ ఉత్తరం చదివి ఆ సాయంత్రమంతా పీఠం ముందే కూర్చున్నాను. నాన్న వచ్చి ఒంట్లో బాగులేదా అనడిగాడు. అప్పుడు ఆయనకీ అంతా చెప్పేశాను. ఆయన నవ్వి, ఆ రోజు మీ అమ్మని చూసి దా మ్యా కన్నా నేనే ఎక్కువ హడలిపోయానన్నాడు.

మర్నాడు ఊ తిన్ హాల్లో ఉన్నప్పుడే వెళ్ళి డైరెక్టరుగారిని అడిగాను. “మా గదిలో వైర్లు, బేటరీలు, కుర్రాళ్ళ కాళ్ళు అన్నీ స్వామి నెత్తిమీదే ఉన్నాయి. మగవాళ్ళవైనా కాళ్ళు కాళ్ళే కదండీ. ఆయన అన్నిటికన్నా పైనుండొద్దా?” డైరెక్టరుగారు ఊ తిన్ వైపు చూశారు. ఊ తిన్ నా వైపు చూశాడు. నేను దేనికోసం అడుగుతున్నానో ఆయనకి తెలిసిపోయింది, నాకూ ఆ సంగతి తెలిసిపోయింది. కానీ ఆయన భక్తి దొంగ భక్తి కాదమ్మా. ఈ మాట నాకే తోచి ఉండాల్సింది అన్నాడు.

తడింజుట్ ముందు ఒక మంచిరోజు చూసి స్వామిని మా గది తూర్పు గోడకి మార్చారు. భిక్షువులొచ్చి మంత్రాలు చదివారు. డైరెక్టర్లంతా చెప్పులు విప్పి మెట్లెక్కారు. ఊ తిన్ స్వామిని తన నెత్తిమీదే పెట్టుకుని మోశాడు. స్వామి ముందు, అందరికన్నా వెనక నేను, నాలుగు నెలల తరవాత నా గదిలోకి వెళ్ళాను. అంతా అయ్యాక డైరెక్టరుగారు తాళంచెవి కో జో లిన్‌కి ఇవ్వబోయారు. అతను చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. అప్పుడు ఊ తిన్ అన్నాడు, “పొద్దున్నే స్వామికి నీళ్ళు పెట్టాలి. అందరికన్నా ముందొచ్చేది ఎవరో నాకు తెలుసు. తాళంచెవి ఆవిడకివ్వండి.” పండగ వెళ్ళిన వారానికి బోర్డు మీద ఆర్డరు కాగితం అంటించారు. డిపార్టుమెంటుకి పెద్ద నేనే. కో జో లిన్ పెద్ద దీపాల బుట్ట తెచ్చిచ్చాడు.

నవ్వొచ్చే సంగతి ఒకటుంది. దుమ్ముకి మెషిన్లు పాడవుతున్నాయి, చెప్పులు బయట విప్పండని ఇన్నేళ్ళూ చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది, ఒక్కడూ వినలేదు. ఇప్పుడు డైరెక్టర్లు కూడా గుమ్మంలోనే విప్పేస్తున్నారు. మెషిన్ల దగ్గర నీళ్ళుండకూడదన్న రూలు మాత్రం స్వామి కోసం నేనే సడలించాను, గ్లాసు దూరంగా గూట్లో పెట్టిస్తున్నాను.

ఒక్కమాట నీతోనే చెప్పుకుంటాను. నా పని చూసి పైకి పిలవాలని ఉండేది నాకు. స్వామి వెనక నక్కి ఎక్కాల్సి వచ్చింది. రేపు ఇంకో బేంకులో ఇంకో ఆడపిల్లకి ఏ స్వామి తోడొస్తాడు? ఈ ముల్లు నాలో ఉండిపోయింది, ఉండనీ. ఇప్పుడు బ్రాంచీలకి మనుషుల్ని తీసుకునే పని నాది. మొదట ఇద్దరమ్మాయిల్ని తీసుకున్నాను, ఇద్దరూ నాతోపాటు నాలుగో అంతస్తులోనే కూర్చుంటున్నారు.

ఊ తిన్ రోజూ పొద్దున్నే పువ్వులతో వచ్చేవాడు. నేను తలుపు తీసేదాన్ని. దండం పెట్టుకుని వచ్చాక గుమ్మం బయట నా ఫ్లాస్కులో టీ పోసిచ్చేదాన్ని. నీ కూతుర్ని కదా, పొయ్యకుండా ఎలా పంపుతాను? ఇవాళ ఎంతసేపటికీ రాలేదు. చూద్దామని కిందకి దిగాను. మూడో అంతస్తులో, ఆ రోజు నేను కాలు పెట్టి తీసేసుకున్న మెట్టుమీదే కూర్చుని మోకాళ్ళు పట్టుకుంటున్నాడు. నన్ను చూసి పువ్వులూ నీళ్ళ చెంబూ చాపాడు.

“రేపట్నించి నా బదులు నువ్వే పెట్టమ్మా” అన్నాడు.

రెండు చేతులా అందుకున్నాను. ఆయన నాకు దారివ్వడానికి మోకాళ్ళు పక్కకి జరుపుకున్నాడు. నేను ఆయన్ని దాటుకుని పైకెక్కి, నీళ్ళు పెట్టి, దండం పెట్టుకుని, మెషిన్లు వేశాను.

ఇంటికొచ్చాక మన పీఠం మీద దా మ్యా పెద్దమ్మ పేరున ఒక పువ్వు ఎక్కువ పెట్టాను. గుంటడికి ముద్దులు. నువ్వు బేగి వచ్చెయ్, నాన్నకి నా చారు ఇంకా నచ్చడం లేదు.

నీ పెద్ద కూతురు,
రత్నం