పసుపు కొమ్ము కట్టిన హ్యాండిలు

సూర్యాపేట,
జూన్ 1949

చిరంజీవి బీరన్నను మీ అమ్మ మైసమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేము క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మిగతాది కింద చదువు.

నల్ల గొర్రె ఈనిందా అని అడిగావు. ఈనింది, రెండు పిల్లలు. చిన్నది అచ్చం నీలాగే, తల్లి దగ్గర ఒక్క క్షణం నిలవదు.

ఇక నీ చదువు మాట. మోటారు బండ్లు తయారుచేసే పనిలోకి పోవాలంటే మెకానికల్ ఇంజనీరింగు డిగ్రీ చదవాలి, ఒప్పుకో అమ్మా అని రాశావు. నాకు ఒళ్లు మండింది. తండ్రి మిర్యాలగూడ మిల్లు లారీ తోలి గ్రీజు బట్టలతో ఇంటికొస్తుంటే, కొడుకు కాలేజీకి పోయి మళ్లీ ఆ గ్రీజులోకే దిగుతానంటాడా? నువ్వు బి.ఏ. చదివి తహసీలు కచేరీలో కుర్చీ వేసుకుని కూర్చోవాలని నా ఆశ. అదే రాద్దామని కాగితం తెప్పించాను. ఇంతలో నెత్తిన పిడుగు పడింది.

మీ నాయన నీకు రాయొద్దన్నాడు. అయినా రాస్తున్నాను. కోదాడలో బియ్యం దించి లారీ స్టార్టు చేస్తుంటే, ముందు దూర్చి తిప్పే ఇనుప హ్యాండిలు వెనక్కి తన్ని ఆయన కుడి మణికట్టు విరిగింది. ఇక్కడి దవాఖానలో కట్టు కట్టారు. ప్రాణానికి భయం లేదు. ఇన్నేళ్లుగా తిప్పే హ్యాండిలు ఇప్పుడెందుకు తన్నిందని క్లీనర్ ఐలయ్యను నిలదీశాను. తప్పించుకోబోయాడు, వదల్లేదు.

"తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలె వదినా. గప్పుడు ఎనక్కి తన్నినా పిడి జారిపోతది. నువ్వు కట్టిన పసుపు కొమ్ము గాడనే ఉండె. నలుగుతదని అన్న వేలు అవతలికి తిప్పిండు, గందుకే పిడి జారలె."

నువ్వు ఇంటరు పాసైన సంతోషంలో బీరప్ప దేవుడి ముందు పెట్టిన పసుపు కొమ్మును ఆ పిడికి కట్టింది నేనే బీరన్నా. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు.

కట్టు కట్టించుకుని బయటికొస్తుంటే దవాఖాన ముందు ఒక మిలిటరీ జీపు ఆగి ఉంది. డ్రైవరు కూర్చున్నచోటి నుంచే కాలితో ఏదో నొక్కాడు, బండి స్టార్టయింది.

"మన లారీకి గసొంటిది లేదా?" అని అడిగాను.

"ఎందుకు లేదు! దాని బ్యాటరీ ఖతమై ఏండ్లాయె. ఇగ హ్యాండిలే దిక్కు," అన్నాడు మీ నాయన.

జీపు చేసినవాడెవడో డ్రైవరు చేతి గురించి ఆలోచించాడు. బ్యాటరీ చచ్చిన బండివాడి చేతి గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. అది నువ్వు ఆలోచించు. మెకానికల్లోనే చేరు. ఇంటికి పరుగెత్తుకు రావద్దు, లారీని ఐలయ్య చూసుకుంటున్నాడు.

కొమ్మును విప్పి ఈ కవరులో పెట్టాను. చేతికి కట్టుకోకు, చదువుకునే బల్ల మీద పెట్టుకో. కట్టు విప్పగానే మీ నాయన మళ్లీ ఆ హ్యాండిలే పట్టుకుంటాడు. తొందరగా నేర్చుకో కొడుకా.

ఇట్లు,
నీ మేలు కోరే
అమ్మ